ప్రభుత్వ హెపటైటిస్ చికిత్సా కేంద్రం: ఒక ఉద్దానం కుటుంబం అనుభవంతో సమీక్ష

కాలేయాన్ని దెబ్బతీసే వైరస్ జబ్బులైన దీర్ఘకాలిక హెపటైటిస్ బి, సి ఉన్నవారికి ప్రభుత్వ ఆసుపత్రులలో పరీక్షలూ మందులూ ఉచితంగా అందుతాయన్న సంగతి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో ఇంకా చాలా ఇళ్లకు చేరలేదు. 2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉత్తరాంధ్రలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో చికిత్సా కేంద్రం నడుస్తోంది. మా అక్కయ్య కుటుంబానికి తోడుగా నేను ఏడాదికి పైగా అక్కడికి వెళ్లి వస్తున్నాను. ఆసుపత్రి పేరు రాయడం లేదు; నేను చూసిన లోపాలు ఆ ఒక్క భవనానివి కావు, అక్కడి సిబ్బందివి అసలే కావు. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఆ కేంద్రంలో వైద్యం బాగుంది, మందులు బాగున్నాయి, అవి నెలనెలా తప్పకుండా దొరుకుతున్నాయి. పరీక్షలో పాజిటివ్ అని తేలిన రోజుకూ మొదటి మాత్ర వేసుకునే రోజుకూ మధ్య ఉన్న ఏర్పాటు మాత్రం చాలా బలహీనంగా ఉంది. రోగులు జారిపోతున్నది అక్కడే.

మా మేనల్లుడు వెల్డర్. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం ప్రాంతాల కుర్రాళ్లు చాలామందిలాగే గల్ఫ్ ఉద్యోగానికి ప్రయత్నించి, వీసా కోసం చేయించుకున్న వైద్యపరీక్షలో ‘అన్‌ఫిట్’ అనిపించుకున్నాడు. ఆ పరీక్షా కేంద్రం వారు కాగితం మీద హెచ్‌బీఎస్‌ఏజీ (ఒంట్లో హెపటైటిస్ బి వైరస్ ఉందని చూపే రక్తపరీక్ష) పాజిటివ్ అని రాసి చేతిలో పెట్టారు తప్ప, అది ఏ జబ్బు, ఎక్కడికి వెళ్లాలి, ఇంట్లో ఎవరెవరికి పరీక్ష చేయించాలి అన్న ఒక్క మాట కూడా చెప్పలేదు. మా ప్రాంతంలో హెపటైటిస్ బి బయటపడుతున్న ముఖ్యమైన దారులలో ఈ వీసా పరీక్ష ఒకటి. రక్తదాన శిబిరం, కాన్పుకు ముందు చేసే పరీక్ష, ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్ష మిగిలినవి. జబ్బు ఉందేమోనని వెతుక్కుంటూ వెళ్లి పరీక్ష చేయించుకున్న మనిషి నాకు ఇంతవరకు తారసపడలేదు. ఈ వైరస్ ఇరవై ముప్పై ఏళ్లు ఏ బాధా తెలియనివ్వకుండా కాలేయాన్ని తినగలదు కాబట్టి ఎవరూ వెతుక్కోకపోవడంలో ఆశ్చర్యమూ లేదు.

చికిత్సా కేంద్రంలో మొదటి రోజు అనుభవం నిజంగా సంతృప్తికరం. ఓపీ చీటీ రాయించుకున్నాక కౌన్సెలర్ దగ్గరికి పంపారు. ఆమె మా వాడిని కూర్చోబెట్టి, రాపిడ్ పరీక్ష మళ్లీ చేయించి, ఫలితం వచ్చేలోపు జబ్బు గురించి ఓపికగా వివరించింది. పెద్దవారికి ఈ వైరస్ సోకితే నూటికి తొంభై ఐదు మందికి పైగా దానంతటదే పోతుందనీ, పుట్టేటప్పుడు తల్లి నుంచి సోకిన పిల్లల్లో మాత్రం పదిమందికి తొమ్మిది మందిలో జీవితాంతం ఉండిపోతుందనీ చెప్పి, “బాబూ, మీ అమ్మగారికి ఎప్పుడైనా ఈ పరీక్ష చేయించారా?” అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్న మా కుటుంబానికి చేసిన మేలు ఎంతని చెప్పను! మా అక్కయ్యకు పాజిటివ్ వచ్చింది. స్కానింగ్ చేస్తే కాలేయం అప్పటికే గట్టిపడి సిర్రోసిస్ మొదలైందని తేలింది. ఏళ్ల తరబడి నీరసం అంటే వయసనుకున్నాం, అన్నం సయించడం లేదంటే గ్యాస్ అనుకున్నాం. జబ్బు ముందు కొడుకు కాగితం మీద కనిపించింది గానీ, నిజంగా ప్రమాదంలో ఉన్నది తల్లి.

కొడుకుకు తల్లి నుంచే వచ్చి ఉంటుందని వైద్యుడు అన్నారు. బిడ్డ పుట్టిన 24 గంటల లోపు హెపటైటిస్ బి టీకా వేస్తే ఆ గొలుసు చాలావరకు తెగిపోతుంది. తల్లికి పాజిటివ్ అని తెలిస్తే వైరస్‌ను అడ్డుకునే ప్రతిరక్షకాలను నేరుగా అందించే ఇమ్యునోగ్లోబ్యులిన్ ఇంజెక్షన్ కూడా ఇస్తారు. ఈ టీకా మన రాష్ట్రంలో సార్వత్రిక టీకా కార్యక్రమంలోకి 2007-08 ప్రాంతంలో వచ్చింది, దేశమంతటికీ 2011లో విస్తరించింది. అంటే అంతకు ముందు పుట్టిన తరం దాదాపు మొత్తం ఆ రక్షణ లేకుండా పెరిగింది. ఇప్పుడు వీసాల కోసం, ఉద్యోగాల కోసం పరీక్షలకు వెళ్తున్నది సరిగ్గా ఆ తరమే. ఆ తరానికి ఊరూరా ఒక్కసారి పరీక్ష చేయించాలన్నది నా మొదటి కోరిక.

ఇక అసలు లోపం గురించి. రాపిడ్ పరీక్షకు పట్టేది పదిహేను ఇరవై నిమిషాలు. దాని తర్వాత కావలసినవి కాలేయం పనితీరు పరీక్షలు, ప్లేట్‌లెట్ల లెక్క, స్కానింగ్, అన్నిటికన్నా ముఖ్యంగా వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే పరీక్ష. ఈ చివరి పరీక్ష మేము వెళ్లిన చోట జరగదు. వారంలో నిర్ణయించిన రోజున మాత్రమే రక్తం తీసుకుని మరో నగరంలోని ప్రయోగశాలకు పంపుతారు. మేము వెళ్లినది ఆ రోజు కాదు కాబట్టి మళ్లీ రమ్మన్నారు. మళ్లీ వెళ్లి రక్తం ఇచ్చాక ఫలితం ఎప్పుడు వస్తుందో చెప్పగలిగినవారు లేరు. ఫోన్‌లో తెలిపే పద్ధతి లేదు. స్వయంగా వచ్చి కనుక్కోవాలి. మా ఊరి నుంచి రావాలంటే పొద్దున్నే బస్సు పట్టుకోవాలి, ఆ రోజు కూలి పోతుంది, చార్జీలు అదనం. ఒకసారి వెళ్తే రాలేదన్నారు, మరోసారి వెళ్తే సంతకం కావలసిన వైద్యుడు సెలవులో ఉన్నారు. నాకు పింఛను వస్తుంది, తీరిక ఉంది కాబట్టి తిరిగాను. జీడిపప్పు ఫ్యాక్టరీలో రోజుకూలికి పనిచేసే ఆడమనిషి ఎన్నిసార్లు తిరుగుతుంది? మాతోపాటు అదే రోజు రక్తం ఇచ్చిన ఒక పెద్దాయనను ఆ తర్వాత నేను ఆ వరండాలో మళ్లీ చూడలేదు. ఆయన ఎలా ఉన్నాడో అన్న ఆలోచన నన్ను ఇప్పటికీ వదలదు.

ఇది మన జిల్లాల దురదృష్టం మాత్రమే కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ప్రచురించిన నివేదిక చదివితే అర్థమవుతుంది. 2022 నాటికి ప్రపంచంలో హెపటైటిస్ బి తో జీవిస్తున్న 25 కోట్ల 40 లక్షల మందిలో తమకు జబ్బు ఉందని తెలిసినవారు నూటికి 13 మంది, మందు అందుకుంటున్నవారు కేవలం 3 శాతం. భారతదేశంలో హెపటైటిస్ బి ఉన్నవారు దాదాపు మూడు కోట్ల మంది అనీ, హెపటైటిస్ సి ఉన్నవారు 55 లక్షల మంది అనీ అదే నివేదిక అంచనా. మందు చవకైపోయిన ఈ రోజుల్లో కూడా ఆ 13కూ 3కూ మధ్య ఇంత అగాధం ఉండటానికి కారణం మేము తిరిగిన తిరుగుడు వంటిదే.

సరిచేయడం అసాధ్యమైన పనేమీ కాదు. క్షయ నిర్ధారణ కోసం ప్రభుత్వ ఆసుపత్రులలో వాడుతున్న ట్రూనాట్, జీన్ ఎక్స్‌పర్ట్ యంత్రాలు హెపటైటిస్ వైరల్ లోడ్‌ను కూడా కొలవగలవు. అందుకు వేరే చిప్పులు, కార్ట్రిడ్జులు ఉన్నాయి. యంత్రం దగ్గరలోనే ఉండగా రక్తం గొట్టాన్ని జిల్లాలు దాటించడం ఎందుకు? రెండవది, రాపిడ్ పరీక్షలో పాజిటివ్ వచ్చిన వెంటనే, మనిషి కుర్చీలోంచి లేవకముందే, వైరల్ లోడ్‌కు కావలసిన రక్తం కూడా తీసేసుకోవాలి. ఈ పద్ధతిని ప్రపంచ ఆరోగ్య సంస్థే సిఫారసు చేస్తోంది. దీనికి కొత్త భవనం అక్కరలేదు, ఒక గొట్టం, ఒక లేబుల్ చాలు. మూడవది, ఫలితాన్ని ఏఎన్ఎం ద్వారానో ఆశా కార్యకర్త ద్వారానో గుట్టుగా చేరవేసే ఏర్పాటు కావాలి.

ఈ విషయంలో మా వైద్యుడు చూపిన విచక్షణను మెచ్చుకోకుండా ఉండలేను. అక్కయ్య విషయంలో ఆయన వైరల్ లోడ్ ఫలితం కోసం ఎదురు చూడలేదు. ఏఎస్‌టీ అనే కాలేయ ఎంజైము విలువనూ ప్లేట్‌లెట్ల సంఖ్యనూ తీసుకుని కాలేయం ఎంత గట్టిపడిందో అంచనా వేసే ‘ఏప్రి’ అనే చిన్న లెక్క చీటీ వెనక వేసి, స్కానింగ్ రిపోర్టుతో సరిపోల్చుకుని, సిర్రోసిస్ ఉన్నవారికి వైరల్ లోడ్ ఎంతున్నా మందు మొదలుపెట్టాలని చెప్పి ఆ రోజే వైరస్‌ను అణచే టెనోఫోవిర్ మాత్ర రాశారు. 2024 మార్చిలో వచ్చిన ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలు ఏప్రి విలువ 0.5 దాటిన పెద్దవారికి కూడా వైరల్ లోడ్‌తో పని లేకుండా చికిత్స మొదలుపెట్టవచ్చని చెబుతున్నాయి. ఈ లెక్కకు కావలసిన రెండు రక్తపరీక్షలూ మామూలువే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం వైద్యులకు ఈ లెక్క నేర్పి, ఎవరిని వెంటనే పంపాలో ఎవరిని ఆగమనవచ్చో వారే తేల్చేలా చేస్తే చికిత్సా కేంద్రం వరండాలో రద్దీ కూడా తగ్గుతుంది.

ఆయన అడిగిన మరో ప్రశ్న నాకు బాగా నచ్చింది. మందు రాయబోతూ కలం ఆపి, “మీది ఉద్దానమా అమ్మా?” అన్నారు. అవునన్నాక ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష చేయించారు. ఉద్దానంలోని కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎంతగా పాతుకుపోయిందో వేరుగా చెప్పనక్కరలేదు. టెనోఫోవిర్‌లో అందరికీ సాధారణంగా ఇచ్చే రకం కిడ్నీల మీద కొంత భారం వేయగలదు. కిడ్నీ బలహీనంగా ఉన్నవారికి మోతాదు మార్చాలి, లేదా టెనోఫోవిర్ అలఫెనమైడ్ అనే రకాన్నో, తగ్గించిన మోతాదులో ఎంటెకవిర్‌నో ఇవ్వాలి. అక్కయ్య క్రియాటినిన్ అదృష్టవశాత్తూ బాగానే ఉంది. అయినా క్రమం తప్పకుండా చూస్తున్నారు. ఇది ఒక మంచి వైద్యుడి జాగ్రత్తగా మిగిలిపోకూడదు. ఉద్దానం నుంచి వచ్చే ప్రతి హెపటైటిస్ రోగికీ తప్పనిసరి నియమం కావాలి.

ఉద్దానం మాట వచ్చింది కాబట్టి డయాలసిస్ గురించి కూడా చెప్పాలి. వారానికి రెండు మూడు సార్లు రక్తాన్ని యంత్రం గుండా పంపించుకునే వారికి హెపటైటిస్ బి, సి సోకే ప్రమాదం మామూలు వారికన్నా చాలా ఎక్కువ. అందుకే డయాలసిస్ మొదలుపెట్టే ముందూ, ఆ తర్వాత క్రమం తప్పకుండానూ పరీక్షలు చేయాలి. హెపటైటిస్ బి ఉన్నవారికి విడి యంత్రం కేటాయించాలి. లేనివారికి టీకా వేయాలి. ఒకప్పుడు డయాలసిస్ రోగికి హెపటైటిస్ సి వస్తే వైద్యులు చేతులెత్తేసే పరిస్థితి ఉండేది. ఇప్పుడు సోఫోస్బువిర్, వెల్పటాస్విర్ కలిసిన మాత్రను డయాలసిస్ మీద ఉన్నవారికి కూడా మోతాదు మార్చకుండా ఇస్తున్నారు. పలాసలో 2023 డిసెంబరులో రెండు వందల పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. హెపటైటిస్ మందులు కూడా డయాలసిస్ జరిగే చోటే, ఆ మంచం దగ్గరే అందాలి. వారంలో మూడు రోజులు యంత్రానికి అంకితమైన మనిషిని మిగిలిన రోజుల్లో ఇంకో ఆసుపత్రి వరుసలో నిలబెట్టడం అన్యాయం. మా వరండాలో అలాంటివారిని చూశాను. చేతి మీద ఫిస్టులా (డయాలసిస్ కోసం రక్తనాళాలను కలిపిన చోటు) కట్టుతో, గోడకు ఆనుకుని, టోకెన్ కోసం నిలబడి ఉన్నారు.

మందుల నాణ్యత గురించి సందేహపడేవారికి ఒక మాట. హెపటైటిస్ సి ని పూర్తిగా నయం చేసే సోఫోస్బువిర్ 2013లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర ధర వెయ్యి డాలర్లు, పన్నెండు వారాల చికిత్సకు 84 వేల డాలర్లు. 2014లో భారతీయ సంస్థలకు తయారీ అనుమతులు దొరికాయి, మరుసటి ఏడాదే హైదరాబాదు సంస్థ నాట్కో దానిని తయారుచేసి చవకగా అందించింది. ఈ రోజు డక్లాటాస్విర్ అనే మరో మందుతో కలిపి 84 రోజులు వాడితే నూటికి తొంభై ఐదు మందికి పైగా నయమయ్యే ఆ చికిత్స ప్రభుత్వ కేంద్రంలో ఒక్క రూపాయి ఖర్చు లేకుండా దొరుకుతోంది. హెపటైటిస్ బి ని అలా పూర్తిగా నయం చేసే మందు ఇంకా లేదు. రోజుకొక మాత్ర ఏళ్ల తరబడి వేసుకోవాలి. ఆ మాత్ర వైరస్‌ను అణచి ఉంచుతుంది, సిర్రోసిస్‌నూ క్యాన్సర్‌నూ దూరంగా నెడుతుంది. బాగానే ఉందికదా అని చెప్పకుండా ఆపేస్తే వైరస్ ఒక్కసారిగా విజృంభించి కాలేయం ప్రమాదంలో పడవచ్చు.

ఇక్కడే మరో చిక్కు ఉంది. మేము వెళ్లే కేంద్రంలో నెలకు సరిపడా మాత్రలే ఇస్తారు. శ్రీకాకుళం జిల్లా మనిషి నెలనెలా ఒకే ఊరిలో ఉంటాడని ఎవరు చెప్పగలరు? మత్స్యకారులు చేపల వేటకు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్తారు, మేస్త్రీలూ కూలీలూ హైదరాబాదుకూ చెన్నైకీ వెళ్తారు. నిలకడగా ఉన్న రోగికి మూడు నెలల మందులు ఒకేసారి ఇవ్వాలి, పనికి వెళ్లిన ఊరి కేంద్రంలో అవే కాగితాలతో మందు తీసుకునే వీలు గురించి రోగికి బయలుదేరే ముందే వివరించాలి. మా మేనల్లుడికి కూడా వైరల్ లోడ్, ఎంజైములు ఎక్కువగా ఉన్నందున మందు మొదలుపెట్టారు. గల్ఫ్ ఆశతో ఉన్న కుర్రాళ్ల తల్లిదండ్రులకు ఒక నిజం చెప్పడం అవసరం: మందుతో వైరస్ కనబడనంతగా తగ్గినా హెచ్‌బీఎస్‌ఏజీ సాధారణంగా పాజిటివ్‌గానే ఉంటుంది, కాబట్టి వీసా పరీక్షలో ఫలితం మారుతుందని ఆశ పెట్టుకోకూడదు. ‘నెగటివ్ చేయిస్తాం’ అంటూ డబ్బు గుంజేవారు మా వైపు ఉన్నారు. మందు వేసుకోవలసింది కాలేయం కోసం.

నాటుమందు గురించి క్లుప్తంగా. అక్కయ్య అంతకు ముందు కామెర్లకు పసరు తాగింది. నేల ఉసిరి మీద మన జనానికి ఎంతో నమ్మకం. హెపటైటిస్ బి వైరస్‌ను కనుగొన్న బ్లూమ్‌బర్గ్ సైతం చెన్నై పరిశోధకులతో కలిసి 1980లలో దానిని పరీక్షించారు. తర్వాతి అధ్యయనాలలో ఆ ఆశ నిలవలేదు. పసరు పోసేవారిని తిట్టడం వల్ల లాభం లేదు. వారి దగ్గరికి వచ్చే మనిషిని ఒక్కసారి రక్తపరీక్షకు పంపమని వారినే కోరితే ఎక్కువ ప్రయోజనం ఉంటుంది.

గోప్యత విషయంలో మాత్రం ఈ సేవకు నేను చాలా తక్కువ మార్కులు వేస్తాను. మందుల కిటికీ దగ్గర “హెపటైటిస్ వాళ్లు ఇటు రండి” అని గట్టిగా పిలుస్తారు. పిలిచే అమ్మాయిలో దురుద్దేశం లేదు. పని ఒత్తిడి ఉంది. అయినా ఆ వరుసలో మన ఊరివారు, మన చుట్టాలు ఉంటారు. మా అక్కయ్యకు ఆ తర్వాత ఒక పెళ్లింట్లో విడిగా గ్లాసు పెట్టారు. కలిసి తింటే, తాగితే, తాకితే, పక్కన కూర్చుంటే ఈ వైరస్ సోకదు. సోకే దారులు రక్తం, కాన్పు, శారీరక సంబంధం, ఒకరి బ్లేడు ఇంకొకరు వాడటం, ఇంకొకరికి వాడిన సూదులూ పచ్చబొట్టు సూదులూ. ఇంత చిన్న విషయం గోడ మీద తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిపెట్టి ఉంటే సగం బాధ తగ్గేది. ఆ గోడ మీద ఉన్న పోస్టర్ ఇంగ్లీషులో ఉంది. పేరుకు బదులు నంబరుతో పిలవడం రేపటి నుంచే మొదలుపెట్టవచ్చు.

టీకా విషయంలోనూ ఒక నిరాశ. అక్కయ్య కోడలికి పరీక్షలో నెగటివ్ వచ్చింది కాబట్టి మూడు డోసులు వేయించమన్నారు, కానీ పెద్దవారికి వేసే టీకా అక్కడ లేక బయట కొనుక్కున్నాం. హైదరాబాదులో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే దేశంలో తొలి స్వదేశీ హెపటైటిస్ బి టీకాను సామాన్యుడికి అందే ధరకు తెచ్చింది. అంతటి చరిత్ర ఉన్న తెలుగు నేల మీద, పాజిటివ్ ఉన్న మనిషి ఇంటివారికి ఆ టీకా అదే గదిలో, అదే రోజు వేసే ఏర్పాటు లేకపోవడం బాధ కలిగిస్తోంది.

ఇన్ని చెప్పినా, మీ ఇంట్లో ఎవరికైనా పాజిటివ్ అని కాగితం వచ్చి ఉంటే ప్రైవేటు ఆసుపత్రిలో వేలకు వేలు పోసే ముందు ప్రభుత్వ కేంద్రానికి వెళ్లమనే చెబుతాను. మా అక్కయ్య ఎంజైములు మామూలు స్థాయికి వచ్చాయి, తిండి సయిస్తోంది. సిర్రోసిస్ ఉన్నందున ఆరు నెలలకోసారి కాలేయం స్కానింగ్ చేయించుకుంటోంది. మందు వాడుతున్నా ఆ స్కానింగ్ మానకూడదని వైద్యుడు గట్టిగా చెప్పారు. వెళ్లేవారు ఆధార్ కార్డు, పాత రిపోర్టులన్నీ, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. వైరల్ లోడ్‌కు రక్తం ఏ రోజున తీస్తారో ముందుగా ఆశా కార్యకర్త ద్వారా కనుక్కుని ఆ రోజే వెళ్లండి. రాపిడ్ పరీక్షకు పరగడుపుతో వెళ్లనక్కరలేదు గానీ, కడుపు స్కానింగ్ అదే రోజు చేసే అవకాశం ఉంటుంది కాబట్టి ఏమీ తినకుండా వెళ్లి, టిఫిన్ వెంట కట్టుకెళ్లడం మేలు. తల్లికి పాజిటివ్ అయితే పిల్లలందరినీ, పిల్లలలో ఒకరికి పాజిటివ్ అయితే తల్లినీ తోబుట్టువులనూ మొదటి రోజే వెంట తీసుకెళ్లండి.